ముత్యాల రేవు, ప్రేమ కవులు

దోహాకు దక్షిణాన ఉన్న అల్ వక్రా అనగానే అక్కడి మన తెలుగువాళ్లకు 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు జరిగిన అల్ జనూబ్ స్టేడియం గుర్తొస్తుంది. చమురు పడకముందు మాత్రం అది ముత్యాలు, చేపల మీద బతికిన ఊరు. వేసవి వచ్చిందంటే మగవాళ్లు నెలల తరబడి పడవల మీదే. ముక్కుకు క్లిప్పు, కాలికి బరువు రాయి, మెడలో బుట్ట, పైకి లాగడానికో తాడు... గజ ఈతగాడి సరంజామా అంతే.

పడవలో పాడటమే పనిగా ఒకడుండేవాడు. అతన్ని నహ్హామ్ అంటారు. తెరచాప ఎత్తడానికో పాట, తెడ్డు వేయడానికో పాట. దేవుడి మీద భారం వేయడం, ఇంటి మీద బెంగ, రెండూ అందులోనే. తాళానికి చప్పట్లు, మట్టి కుండలు. బహ్రెయిన్ వాళ్ల ఫిజిరీ అనే ఈ తరహా గానానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

అల్ వక్రాలో దోహా మెట్రో రెడ్ లైన్ ఎక్కితే చివరి స్టేషను లుసైల్. ఖతార్ స్థాపకుడు షేక్ జాసిమ్ (మరణం 1913) సమాధి అక్కడే. ఆయనా కవే! జాతీయ దినోత్సవ నినాదాలు కొన్ని ఆయన పద్యాల్లోంచి తీసుకున్నవే.

అయితే దేవుణ్ణి ప్రియుడిగా పిలిచే కవిత్వం కోసం గల్ఫ్ సముద్రం పైకొసకు, ఇరాక్‌లోని బస్రాకు వెళ్లాలి. హైదరాబాదులో మురిపెంగా చెప్పుకునే ‘బస్రా ముత్యాలు’ గల్ఫ్ నీళ్లవే. 8వ శతాబ్దంలో ఆ బస్రాలోనే రబియా అనే సూఫీ భక్తురాలు ఉండేది. ఒక చేత కాగడా, ఒక చేత నీళ్లు పట్టుకుని వీధిలోకి వచ్చిందని కథ. ఎందుకమ్మా అంటే, స్వర్గాన్ని తగలబెట్టి నరకాన్ని ఆర్పేస్తానందట! ఆశా భయమూ లేకుండా దేవుణ్ణి ప్రేమించాలని ఆమె పట్టు. తర్వాతి సూఫీ కవులు ఎంత రాసినా ఈ మాటను దాటి పోలేదనే నాకనిపిస్తుంది.

గల్ఫ్‌కు ఆవలి గట్టున ఇరాన్‌లో షిరాజ్. అక్కడి కవి సాదీ 1257లో ముగించిన ‘బుస్తాన్’లో ఓ వాన చినుకు సముద్రాన్ని చూసి తానెంతని సిగ్గుపడుతుంది. ఆ వినయానికే చిప్ప దాన్ని ఒడిలో పెట్టుకుని ముత్యం చేస్తుంది. మన స్వాతి చినుకుకు చుట్టమే.

ఇక మన గడ్డ. 1591లో హైదరాబాదు కట్టిన కులీ కుతుబ్‌షా దక్కనీలో ప్రియురాళ్ల మీద గజళ్లు రాశాడు. విచిత్రమేమిటంటే, పచ్చి శృంగార గజల్ చివర కూడా చాలాచోట్ల ప్రవక్త పేరే తలుచుకుంటాడు. అది మొక్కుబడి కాదు, ఆయనకు ఆ రెండూ వేరు కావు.

1908 మూసీ వరదల్లో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్న అమ్జద్ హైదరాబాదీ ఆ తర్వాత భక్తి నిండిన రుబాయీలతోనే పేరు తెచ్చుకున్నాడు.

పిఠాపురంలో సూఫీ పీఠాధిపతి ఉమర్ అలీషా (1885–1945) తెలుగు పద్యకవి. కేంద్ర శాసనసభ సభ్యుడు కూడా. పారశీక కవి ఉమర్ ఖయ్యాంను తెలుగు చేశారు. అదే ఖయ్యాంను నెల్లూరు కవికోకిల దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని మరీ ‘పానశాల’గా దించారు. ఖయ్యాం మధువు నిజంగా మధువా, దైవప్రేమా అన్న తగవు ఈనాటిది కాదు. ఒకరు పీఠాధిపతి, ఒకరు రైతు కవి. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, తీర్పు మీరే చెప్పండి.