తెలిసినా తొలగని భ్రాంతి

అది వట్టి చెక్క పలక అని నాకు తెలుసు. దాని కింద ఉన్నది మా ఫిజిక్సు ల్యాబ్ గచ్చు అనీ తెలుసు. పలక మందం ఒకటిన్నర అంగుళానికి మించదనీ తెలుసు. ఎందుకంటే దాన్ని స్టోరు రూములోంచి మోసుకొచ్చి అక్కడ పరచింది నేనే! అయినా కాలు కదలలేదు. అరచేతులకు చెమటలు పట్టాయి. వెనకనుంచి మిత్రులు "నడవరా!" అని ఒకటే కేకలు. నేను మాత్రం ఎనభై అంతస్తుల ఎత్తున గుడ్లప్పగించి నిలబడిపోయాను.

జరిగిన సంగతి ఇది. మా కాలేజీ పూర్వవిద్యార్థి ఒకాయన సెలవులకు వచ్చి, తాను కొన్న వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌ను ఒక పూట మా ల్యాబ్‌లో ఉంచారు. "మయసభ చూద్దువుగాని రా" అని మిత్రుడు పిలిస్తే వెళ్ళాను. మెటా కంపెనీ 2023లో విడుదల చేసిన క్వెస్ట్ 3 అది. బరువు 515 గ్రాములు. కళ్ళకు గంతలు కట్టినట్లు ముఖానికి తగిలించుకోవాలి. క్యూలో నిలబడ్డవారందరికీ దాని సిద్ధాంతం వివరించింది కూడా నేనే. ఫిజిక్సు విద్యార్థిని గదా! ముందు ఆ ఉపన్యాసం వినిపించి, తరువాత నా పరాభవం సంగతి చెబుతాను.

మీ బొటనవేలిని ముక్కుకు ఎదురుగా నిలిపి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు పక్కకు గెంతినట్లు కనబడుతుంది. మన కళ్ళమధ్య దూరం సుమారు 63 మిల్లీమీటర్లు. అందుచేత రెండు కళ్ళకూ కనబడే దృశ్యాలు కొద్దిగా వేరు. ఆ తేడానుండే మెదడు దూరాన్ని, లోతును లెక్క కడుతుంది. ఈ రహస్యాన్ని 1838లో చార్లెస్ వీట్‌స్టన్ నిరూపించాడు. మన ల్యాబుల్లో ‘వీట్‌స్టన్ బ్రిడ్జి’తో కుస్తీ పట్టిస్తున్నది కూడా ఈ మహానుభావుడే. రెండు అద్దాల సాయంతో ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మను చూపించి, చదునైన కాగితంమీది గీతలకు లోతు తెప్పించాడు. ఆ పరికరమే స్టీరియోస్కోపు.

హెడ్‌సెట్‌కు మూలసూత్రం అదే. కాగితం బొమ్మలకు బదులు రెండు చిన్న తెరలు ఉంటాయి. నేను చూసినదానిలో ఒక్కొక్క కంటికి 2064 అడ్డం, 2208 నిలువు చుక్కలున్నాయి. కంటికి అంత దగ్గరగా ఉన్న తెరను మనం స్పష్టంగా చూడలేం గనుక, మధ్యలో కటకాలు అమర్చి, తెర కొంత దూరాన ఉన్నట్లు భ్రమింపజేస్తారు.

అయితే స్టీరియోస్కోపులో ఒక లోపం ఉంది. మనం తల తిప్పినా అందులోని బొమ్మ మారదు. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ లోపాన్ని సరిదిద్దాడు. తల ఎటు తిరిగితే అటు దృశ్యాన్ని కంప్యూటరు చేత మళ్ళీ గీయించే యంత్రం నిర్మించాడు. తల కదలికను కొలిచే సరంజామాను కప్పునుంచి వేలాడదీయవలసి వచ్చింది. అందుకే దానికి ‘డెమోక్లీసు ఖడ్గం’ అనే పేరు నిలిచిపోయింది. ఇప్పుడు ఆ సరంజామా అంతా హెడ్‌సెట్‌లోనే ఇమిడిపోయింది. దాని కెమెరాలు గది గోడలను, బల్లలను గమనిస్తూ ఉంటాయి. లోపలి సూక్ష్మ పరికరాలు తల వంపును కొలుస్తాయి. సెకనుకు 72 నుంచి 120 సార్లు బొమ్మ మారుతుంది. 90 సార్లు అనుకుంటే, ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సెకనులో వెయ్యోవంతులు పదకొండు మాత్రమే! తల కదిలాక బొమ్మ కదలడానికి ఇరవై వెయ్యోవంతులకంటె ఎక్కువ పడితే, లోకం నీళ్ళలో తేలుతున్నట్లు అనిపిస్తుంది.

ఇక కళ్ళు తిరగడం మాట. మన లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలున్నాయని ఇంటర్మీడియట్ జువాలజీలో చదివాం. తల కదిలితే వాటిలోని ద్రవం చలించి మెదడుకు కబురు పంపుతుంది. ఘాటురోడ్డు బస్సులో పుస్తకం చదివితే ఏమవుతుంది? "కదలడంలేదు" అంటుంది పుస్తకంమీది కన్ను. "కదులుతున్నాం" అంటుంది చెవి. ఈ తగవు తీర్చలేక మెదడు డోకు తెప్పిస్తుంది. హెడ్‌సెట్‌లో దీనికి తలకిందులు. కుర్చీలో కూర్చుని కారు పందెం ఆడిన మా మిత్రుడికి కన్ను "కదులుతున్నాం" అంది, చెవి "లేదు" అంది. రెండు నిమిషాల్లో అతడు కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. అలా తిప్పినప్పుడు పౌరుషానికి పోకుండా వెంటనే తీసివేయడమే మంచిది. మన కాళ్ళతో మనమే నడిచే ఆటల్లో ఈ బాధ చాలా తక్కువ.

అందుకే నేను నడిచే ఆట ఎంచుకున్నాను. పేరు ‘రిచీస్ ప్లాంక్ ఎక్స్‌పీరియన్స్’. మొదట ఒక లిఫ్టు. మీట నొక్కితే పైకి పోతుంది. తలుపులు తెరుచుకోగానే ఎదుట ఆకాశం, కాళ్ళ దగ్గరనుంచి శూన్యంలోకి చాచిన ఒక పలక, ఎనభై అంతస్తుల కింద నగరం. కన్నుకు కనబడే పలక ఉన్న చోటనే, ల్యాబ్‌లో నేను పరచిన అసలు పలకా ఉంది. ఒక అడుగు వేశాను. రెండో అడుగు పడలేదు. హెడ్‌సెట్ తీసి ఇచ్చేశాను. అంతవరకూ నా ఉపన్యాసం విన్నవాళ్ళు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

మా మాస్టారు మాత్రం నవ్వలేదు. "నువ్వొక్కడివే కాదులే" అని రెండు పరిశోధనలు చెప్పారు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ 1960లో ప్రకటించినది మొదటిది. దళసరి గాజుపలక బిగించిన బల్లమీద 36 మంది పసివాళ్ళను పాకించారు. ఒక వైపు గాజుకు ఆనుకునే గళ్ళ గుడ్డ ఉంది. రెండోవైపు ఆ గుడ్డ చాలా కిందుగా ఉండి, గొయ్యిలా కనబడుతుంది. తల్లులు పిలిచినా ఆ గొయ్యి మీదికి పాకినవారు ముగ్గురే. కొందరు గాజును చేత్తో తట్టి చూసి కూడా వెనక్కు తగ్గారు. రెండవది 2002 నాటిది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంవారు హెడ్‌సెట్‌లో లోతైన గొయ్యి చూపిస్తే, చూసినవారి గుండెవేగం పెరిగింది. కాలికింద సుమారు ఒకటిన్నర అంగుళాల చెక్క అంచు నిజంగా తగిలేటట్లు ఏర్పాటు చేస్తే మరింత పెరిగింది. అంటే, నేను మోసుకొచ్చిన పలకే నా కొంప ముంచిందన్నమాట!

"తాడును చూసి పాము అనుకుంటే, దీపం తెచ్చి చూశాక పాము పోవాలి గదా మాస్టారూ? నాకు అంతా తెలిసి కూడా ఆ లోయ ఎందుకు పోలేదు?" అని అడిగాను.

"ఇది రజ్జుసర్పం కాదు, ఎండమావి" అన్నారాయన. "తాడని తెలియగానే పాము మాయమవుతుంది. ఎండమావి అలా కాదు. నీళ్ళు లేవని తెలిసినా కనబడుతూనే ఉంటుంది. తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా కంటిలో లేదు. తెలియనివాడు దాహంతో పరుగెత్తుతాడు, తెలిసినవాడు పరుగెత్తడు. అంతే."

ఇంతలో మా ల్యాబ్ అటెండరుగారి వంతు వచ్చింది. చిన్నప్పుడు కొబ్బరిచెట్లు ఎక్కిన మనిషి. తగిలించుకుని, "అమ్మో!" అని ఒక్క క్షణం ఆగారు. తరువాత కాలిని పలకమీద అటూ ఇటూ రాసి, మెల్లగా చివరిదాకా పోయి తిరిగొచ్చారు. భయం వెయ్యలేదా అని అడిగితే, "ఎందుకెయ్యదు బాబూ? కన్ను లోయ అంటోంది, కాలేమో చెక్క తగుల్తోంది అంటోంది. నేను కాలి మాట విన్నాను" అన్నారు.

కన్నుకూ చెవికీ జరిగే తగవును గూర్చి గంటసేపు ఉపన్యసించిన నాకు, కాలికి కూడా ఒక సాక్ష్యం ఉందని తోచలేదు! మళ్ళీ క్యూలో నిలబడ్డాను. ఈసారి కళ్ళు మూసుకుని పాదంతో పలక అంచులు తడిమాను. తెరిచాను. లోయ ఎక్కడికీ పోలేదు, భయమూ పోలేదు. కాని నాలుగు అడుగులూ పడ్డాయి.

నేర్చుకున్నది ఒక్కటే. సూత్రం తెలిసినంతమాత్రాన భ్రాంతి తొలగదు. కంటికి నిజంగా తోచే బొమ్మలు, చెవికి నిజంగా తోచే గొంతులు యంత్రాలు తయారుచేస్తున్న రోజులివి. వాటి మర్మం చదువుకున్నాం గనుక మనం మోసపోమని మన విద్యార్థిలోకం ధీమాగా ఉండరాదు. కన్ను ఒకటి చెప్పినప్పుడు, రెండో సాక్షిని కూడా పిలిచి అడిగే అలవాటు కావాలి. ఆ అలవాటు నాకు పుస్తకంలో దొరకలేదు. మా అటెండరుగారి పాదం దగ్గర దొరికింది.