తాటి నీరా రుచి పరీక్ష: రీస్లింగ్ వైన్ నేర్పే తీపి, పులుపుల సమతూకం

ఉపోద్ఘాతం

నెల్లూరు తీరంలోని ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు మండలాల ఇసుక నేలల్లో తాటిచెట్టు నీటి ఎద్దడికి, ఉప్పుగాలికి తట్టుకొని నిలుస్తుంది. గీత కార్మికులు దాని పూగెలను గీసి సేకరించే తియ్యని రసమే నీరా. పులియనంతవరకు అది మత్తులేని పానీయం; పులిస్తే కల్లు. ఈ రెండింటి నడుమ ఎడం కొన్ని గంటలు మాత్రమే.

ఈ ఎడం నెల్లూరు జిల్లాలో సామాజికంగా కూడా ముఖ్యమైనది. 1990ల తొలినాళ్లలో దూబగుంట మహిళలు సాగించిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. అటువంటి ప్రాంతంలో నీరాను ఆరోగ్య పానీయంగా అమ్మదలచిన గీత కార్మికుల సంఘం తన సరుకు కల్లు కాదని ప్రతి ఉదయమూ నిరూపించుకోవలసి ఉంటుంది. ఒక్క పులిసిన కుండ ఆ రోజు సేకరణనంతటినీ చెడగొట్టగలదు. చెట్టు కింద ప్రయోగశాల ఉండదు కనుక, తొలి పరీక్ష శిక్షణ పొందిన కన్ను, ముక్కు, నాలుకలతోనే జరగాలి. తీపిని పులుపుతో కలిపి అంచనా వేసే ఈ విద్యలో రీస్లింగ్ తెల్ల వైన్ రుచి చూసే పద్ధతి చక్కని ఉదాహరణ.

రీస్లింగ్ పద్ధతిలోని సూత్రం

రీస్లింగ్ జర్మనీకి చెందిన తెల్లద్రాక్ష రకం. రూసెల్స్‌హైమ్ పట్టణంలో 1435 నాటి ఒక పద్దులో దాని తొలి ప్రస్తావన కనిపిస్తుంది. మోసెల్ నది ఒడ్డున పలకరాతి వాలుల్లో, చల్లని వాతావరణంలో పండే ఈ ద్రాక్షలో చక్కెర పెరిగినా ఆమ్లం నిలిచి ఉంటుంది. రాత్రులు వెచ్చగా ఉండే ప్రాంతాల్లో ద్రాక్షలోని మాలిక్ ఆమ్లం శ్వాసక్రియలో త్వరగా ఖర్చవుతుంది. అందువల్ల రీస్లింగ్ నెల్లూరు తీరానికి తగిన పంట కాదు. ఇక్కడికి పనికివచ్చేది దాని రుచి చూసే పద్ధతి.

అంతర్జాతీయ రీస్లింగ్ ఫౌండేషన్ రూపొందించిన కొలమానంలో తీపిని చక్కెరతో మాత్రమే నిర్ణయించరు. చక్కెరను ఆమ్లంతో భాగించగా వచ్చే నిష్పత్తి 1 లోపు ఉంటే తీపిలేని వైన్. 1 నుంచి 2 వరకు కొద్దిపాటి తీపి. 2 దాటి 4 వరకు మధ్యస్థ తీపి. అంతకు మించితే పూర్తి తీపి. ఆపై పి.హెచ్. విలువను బట్టి వర్గాన్ని సవరిస్తారు. ఉదాహరణకు లీటరుకు 16 గ్రాముల చక్కెర, 8 గ్రాముల ఆమ్లం ఉన్న వైన్ నిష్పత్తి 2. అంతే చక్కెర ఉండి ఆమ్లం 5 గ్రాములే ఉంటే నిష్పత్తి 3.2. చక్కెర మారకపోయినా నాలుకకు రెండవది మరింత తియ్యగా తోస్తుంది.

రీస్లింగ్ నుంచి గ్రహించదగిన మరో అంశం వాసనకు సంబంధించినది. నిలవ చేసిన రీస్లింగ్‌లో కిరోసిన్‌ను పోలిన వాసన వస్తుంది. టి.డి.ఎన్. అనే సమ్మేళనం దీనికి కారణం. కొత్తవారు దీన్ని దోషమనుకుంటారు. అనుభవజ్ఞులు మితంగా ఉన్నంతవరకు దాన్ని ఆ రకం లక్షణంగా గుర్తిస్తారు. వాసన నచ్చిందా లేదా అనే నిర్ణయానికి ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలన్నది ఇందులోని నీతి.

నీరాలో జరిగే మార్పులు

శుభ్రంగా సేకరించిన తాజా తాటి నీరాలో ప్రధాన చక్కెర సుక్రోజ్. అది సుమారు 10 నుంచి 13 శాతం వరకు ఉంటుంది, పి.హెచ్. 7కు దగ్గరగా ఉంటుంది. గీసిన గాయం, కుండ, గాలి, కీటకాల ద్వారా సూక్ష్మజీవులు రసంలో చేరుతాయి. లాక్టిక్ బాక్టీరియా పులుపును, కొన్ని సందర్భాల్లో జిగటను కలిగిస్తాయి. ఈస్ట్‌లు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. తరువాత అసిటిక్ బాక్టీరియా వెనిగర్ ఘాటును తెస్తాయి. ఈ దశల మధ్య స్పష్టమైన హద్దులు లేవు. పూర్తిగా పులిసిన కల్లు పి.హెచ్. 4 ప్రాంతానికి దిగుతుంది.

తీపి ఒక్కదాన్నే నమ్మితే పొరబడటానికి కారణం ఇక్కడే ఉంది. ఈస్ట్‌లలోని ఎంజైము సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. ఫ్రక్టోజ్ సుక్రోజ్ కంటే తియ్యనిది. కాబట్టి పులియడం మొదలైన వెంటనే తీపి తగ్గినట్లు నాలుకకు తెలియదు. రిఫ్రాక్టోమీటర్ కూడా పూర్తి ఆధారం కాదు. రసంలో ఆల్కహాలు చేరితే ఆ పరికరం చూపే బ్రిక్స్ విలువ అసలు చక్కెర కంటే ఎక్కువగా ఉంటుంది.

సున్నం చాటున దాగే దోషం

పులియడాన్ని ఆపడానికి కుండ లోపల సున్నం పూయడం పాత పద్ధతి. క్షార గుణం వల్ల సూక్ష్మజీవుల పెరుగుదల మందగిస్తుంది. సున్నం ఎక్కువైతే రసం వగరుగా, సబ్బునీటిని తలపిస్తూ, గొంతులో గీరినట్లుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. అప్పటికే కొంత పులిసిన రసంలో సున్నం కలిస్తే ఆమ్లం తటస్థమై, పి.హెచ్. మంచి నీరా మాదిరిగా కనిపిస్తుంది, పులుపూ తెలియదు. కాని ఏర్పడిన ఆల్కహాలు, సువాసన ఎస్టర్లు రసంలోనే మిగులుతాయి. కొలత దాచిన దోషాన్ని ముక్కు పట్టుకునే సందర్భం ఇది.

సున్నం అవసరాన్ని తగ్గించే మార్గం చల్లదనం. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరాకు మంచుపెట్టెతో కూడిన సేకరణ పరికరాన్ని రూపొందించింది. తాటి నీరాపై పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం కృషి చేస్తున్నది. 2023లో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్‌ను ప్రారంభించడంతో పట్టణ వినియోగదారులకూ ఈ పానీయం పరిచయమైంది.

రుచి పరీక్ష విధానం

1. సిద్ధత: పరీక్షకులు గంట ముందు నుంచి కారం, తాంబూలం, పొగాకు, కాఫీ మానాలి. నమూనాలన్నీ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే తీరు గాజు గ్లాసుల్లో ఉండాలి. బాగా చల్లబరిస్తే వాసనలు అణగిపోతాయి. ఏ కుండ ఎవరిదో తెలియకుండా మూడంకెల సంకేతాలు ఇవ్వాలి.

2. చూపు: తెల్ల కాగితం ముందు గ్లాసును ఉంచి రంగు, తేట, బుడగలు గమనించాలి. ఆగకుండా పైకి లేచే సన్నని బుడగలు, పెరిగే మబ్బుదనం పులియడానికి సూచనలు.

3. వాసన: గ్లాసును నెమ్మదిగా తిప్పి రెండుసార్లు వాసన చూడాలి. తాటికి సహజమైన తియ్యని వాసనను ఈస్ట్, పండిన పండు, వెనిగర్ వాసనల నుంచి వేరు చేయాలి.

4. రుచి: చిన్న గుక్కను నోరంతా తిప్పి తీపి, పులుపు, వగరు, జిగట, చురుకులను విడివిడిగా నమోదు చేసి ఉమ్మివేయాలి. ఉమ్మిన తరువాత నోట మిగిలే రుచిని కూడా రాయాలి.

5. నమోదు: ముందుగా లక్షణాలు, ఆ తరువాతే ఇష్టాయిష్టాలు. ఇష్టాన్ని 9 అంచెల హెడోనిక్ కొలమానంపై గుర్తించవచ్చు. ప్రతి నమూనాకు బ్రిక్స్, పి.హెచ్., సేకరించిన వేళ జతచేయాలి.

శిక్షణకు సూచనలు

సమతూకాన్ని బోధించడానికి నెల్లూరు ప్రాంతంలో సులభంగా దొరికే నిమ్మకాయలు చాలు. 12 శాతం పంచదార నీటిని నాలుగు గ్లాసుల్లో పోసి, మొదటిదాన్ని అలాగే ఉంచి, మిగిలినవాటిలో నిమ్మరసం చుక్కలను క్రమంగా పెంచుతూ కలపాలి. చక్కెర దాదాపు మారకున్నా తీపి తగ్గుతున్నట్లు విద్యార్థులు స్వయంగా గ్రహిస్తారు. తరువాత తాజా నీరాను, గది ఉష్ణోగ్రతలో వేర్వేరు గంటలు నిలవ ఉంచిన నీరాను, సున్నం ఎక్కువైన నీరాను పక్కపక్కన పరీక్షింపజేయాలి. ఈ శిక్షణలో గీత కార్మికులకు భాగం కల్పించడం అవసరం. వాసనలకు వారు వాడే మాటలనే నమోదు పత్రంలో చేరిస్తే పరీక్ష ఊరిలో నిలబడుతుంది.

రుచి పరీక్ష ఆరోగ్య భద్రతకు బదులు కాదు. బంగ్లాదేశ్‌లో గబ్బిలాల వల్ల కలుషితమైన పచ్చి ఖర్జూర రసం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకింది. వైరస్‌కు రుచి, వాసన ఉండవు. కనుక కుండకు, గీసిన గెలకు గబ్బిలాలు చేరని కప్పు, పాత్రల శుభ్రత తప్పనిసరి.

ముగింపు

నీరా నాణ్యతకు తీపి ఒక్కటే గుర్తు కాదు. తీపి, పులుపు, వాసనలను కలిపి చదివి, కొలతలతో సరిచూసినప్పుడే అది నీరానో, కల్లుగా మారుతున్న రసమో తేలుతుంది. ఈ నైపుణ్యం సేకరణ కేంద్రానికి చేరితే పులిసిన కుండను బెల్లానికో వెనిగర్‌కో కాక నీరాలోనే కలిపే పొరపాటు తప్పుతుంది. అయితే బెల్లానికి పులియని రసమే తగినది కనుక, పులిసినదాన్ని వెనిగర్ తయారీకే మళ్లించాలి. శ్రద్ధగా సేకరించిన కార్మికునికి మేలైన ధర చెల్లించడానికి కూడా అప్పుడే ఆధారం ఏర్పడుతుంది.