గాజు మౌత్‌పీసుతో మెలగుట

జర్మనీ దేశమందలి నూరెంబర్గులో 1700 ప్రాంతమున యోహాన్ క్రిస్టొఫ్ డెన్నరు క్లారినెట్టును రూపొందించిన నాటినుండియు, వాద్యకారుని పెదవుల నడుమ నుండు మౌత్‌పీసును కొయ్యతోను, లోహముతోను, గంధకము కలిపి గట్టిపరచిన రబ్బరగు ఎబొనైటుతోను చేయుచు వచ్చిరి. నేడు విరివిగా వాడుకలో నున్నది ఎబొనైటే యైనను, ఇటలీలో పొమారికో పేరిట వెలువడు స్ఫటికపు గాజు మౌత్‌పీసులనిన చెవి కోసుకొను క్లారినెట్టు విద్వాంసులు ఇప్పటికిని కలరు. శాక్సఫోనునకు మాత్రము అవి అరుదు.

గాజువలన నాదము ఉజ్జ్వలమగునని వీరిలో పలువురి విశ్వాసము. ధ్వనిశాస్త్రము ఈ మాటను అంత సులభముగా అంగీకరింపదు. ఏలయన ప్రధానముగా మ్రోగునది లోపలి గాలి, ఆ గాలికి శాసనము చేయునవి లోపలి కుహరపు ఆకృతియు, రీడు అను పలుచని రెల్లు పలక కొనకును మౌత్‌పీసు అంచునకును నడుమ విడిచిన సుమారు 1 మిల్లీమీటరు సందును, రీడు ఆనుకొను తలముయొక్క వంపును. గాజు ఘనత, నా అభిప్రాయమున, స్థైర్యమందున్నది: ఎబొనైటు వేడినీటికి వంగును, వెలుతురుకు రంగు మారును, పండ్ల ఒత్తిడికి గంట్లు పడును, గాజులో దిద్దిన వంపు ఏండ్లు గడచినను చెదరదు.

అయితే ఎబొనైటుకంటె గాజు వేడిని త్వరగా లాగుకొనును గనుక, చలివేళ పెదవికి జిల్లుమనుటయే గాక, ఊపిరిలోని తేమ లోపలి గోడలపై బిందువులుగా కట్టి, రీడు క్రిందికి చేరి, స్వరమును గుడగుడలాడించును. అందుచే కచేరికి ముందు దానిని అరచేత పట్టుకొని నెమ్మదిగా వెచ్చబరుపవలయునే గాని మరిగిన నీట ముంచరాదు. హఠాత్తుగా వేడి తగిలిన గాజు చిట్లవచ్చును. పైపండ్లు జారకుండుటకు పలుచని రబ్బరు బిళ్ళను అంటింతురు. రీడును బిగించుటకు లోహపు పట్టీకంటె తోలు పట్టీ క్షేమము.

శుభ్రపరచుట సులభమే. గోరువెచ్చని నీరు, మెత్తని గుడ్డ చాలును. ఉమ్మినీటివలన తెల్లని పొర పేరుకొన్నచో నిమ్మరసములో తడిపిన దూదిని కొంతసేపు ఉంచి తుడువవలయును, అడుగునున్న బెండునకు మాత్రము తడి సోకనీయరాదు. లోన తుడుచుటకు త్రాడు లాగువారు ఆ త్రాడు కొనకు కట్టిన బరువును మరువరాదు, గాజునకు దానికంటె సమీప శత్రువు లేదు. ఊరేగింపులో జనసమ్మర్దము నడుమ నడచుచు వాయించు మన బ్యాండుమేళపు క్లారినెట్టు వాద్యకారునికి ఈ గాజును కొనుమని చెప్పుటకు నాకు నోరాడదు.

కొననుండు అంచు మిక్కిలి పలుచనిది. అచ్చట కంటికానని పెచ్చు లేచినను రీడు సరిగా మూసుకొనక స్వరము కీచుమనును. ఎబొనైటైనచో నేర్పరి సన్నని గరుకు కాగితముపై రుద్ది సరిదిద్దగలడు. గాజునకు వజ్రపు పొడి పూసిన పనిముట్లు కావలయును, పైగా కొన అరిగినకొలది సందును వంపును మారిపోవును గనుక వాటిని మరల మొదటినుండి దిద్దవలయును. అట్టి పనివారు కొలదిమందియే.