గోదావరి మనదే, మరి పులస మన దాకా ఎందుకు రాదు?

మా గాంధారి, ఎల్లారెడ్డి వైపు చేపలంటే రవ్వ, బొచ్చె, కొర్రమట్ట. సాల్మన్ లాగా సముద్రం నుంచి నదికి తిరిగొచ్చే చేప మనకు లేదా అంటే, ఉంది. అదే పులస.

సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే, యానాం, అంతర్వేది వైపు నుంచి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వస్తుంది. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. పులస అలా కాదు, మళ్లీ సముద్రానికి పోగలదు.

మరి ఇక్కడిదాకా ఎందుకు రాదు? మన నిజాంసాగర్ నీళ్లు మంజీరలో పారి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తాయి. కానీ కింద నుంచి వచ్చే చేపకు ముందే ధవళేశ్వరం అడ్డం. అక్కడ 1852 నాటికి కాటన్ ఆనకట్ట కట్టిండు, ఇప్పుడు బ్యారేజీ ఉంది. అది దాటినా పైన శ్రీరాంసాగర్, ఆ తర్వాత నిజాంసాగర్.

అమెరికాలో సాల్మన్ కోసం డ్యాములకు మెట్లు కట్టారు. పులస అట్ల ఎగిరి దూకే చేప కాదు, ఆ మెట్లు ఉన్నదున్నట్టు ఇక్కడ పెడితే సరిపోదు.

అసలు చిక్కు ఇంకోటుంది. బ్యారేజీ కింద ఆగిన చేపను, గుడ్లు పెట్టే రోజుల్లోనే పడుతున్నాం. ఇదే చేపను ఇలిష్ అనే బంగ్లాదేశ్‌లో అక్టోబర్ ప్రాంతంలో 22 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు జాలరులకు బియ్యం ఇస్తారు. నిషేధం ఒక్కటే పెడితే జాలరి ఇంట్లో పొయ్యి వెలగదు. ఏమీ పెట్టకపోతే నదిలో చేప మిగలదు. రెండూ కలిపి చూడాలి.