ఉరుకుడు బందయిన గుర్రం యాడికి పోవాలె?

అశోక్‌నగర్‌ల రూం తీసుకొని గ్రూప్స్‌కు సదివేటోళ్లకు రాత్రి తొమ్మిదంటే ఎట్లుంటదో ఎరికే. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీల కుర్సీ ఇడిసి, పుస్తకాలు సంకల వెట్టుకొని, మెస్సుల ఇంత తిని రూముకు మర్లుతం. పోయిన లగ్గాల సీజన్‌ల గట్లనే వస్తాంటే ఒక బరాత్ ఎదురయింది. డీజే సప్పుడుకు గుండెలు అదురుతున్నయి. పెండ్లిపిలగాడు ఎక్కిన తెల్ల గుర్రం మాత్రం నిలవడ్తలేదు. పటాకుల లడీ అంటువెట్టంగనే తలకాయ మీదికెత్తి ఎనుకకు ఎనుకకు నడిసింది. పిలగాడి మొఖంల నెత్తురు సుక్క లేదు. ఎట్లనో ఆయన్ను దించిన్రు. గుర్రమాయన కళ్లెం వట్టుకొని దాన్ని పక్క గల్లీలకు తీసుకపోయిండు.

నాది పాలమూరు దిక్కు ఊరు. ఎడ్లు, బర్ల నడుమ పెరిగినోన్ని. ఆగకుండ ఉండలేకపోయిన. "ఏంది చాచా, గింత బెదురుతుంది?" అని అడిగిన. ఆయన దాని మెడ నిమురుకుంట, "ఇది మలక్‌పేటల ఉరికిన గుర్రం బేటా. దీనికి ఉరుకుడే నేర్పిన్రు, నిలవడుడు నేర్పలే" అన్నడు.

ఆ మాట నన్ను ఇడువలే. తెల్లారి నారాయణగూడల ఉండే దోస్తు దగ్గరికి పోయిన. వాడు పశువైద్యం సదివిండు. ఫ్లైఓవర్ కింద చాయ్ తాక్కుంట అడిగితే గంట సేపు చెప్పిండు. తర్వాత నేను గూడ సదివిన. అదంతా మీకు చెప్పాలనిపించింది.

నారాయణగూడ నుంచి కాచిగూడ, చాదర్‌ఘాట్ దాటితే మలక్‌పేట. అక్కడ గుర్రప్పందాలు నిజాముల కాలం నుంచి ఉన్నయి. మొదట్ల మౌలాలిల జరిగే పందాలను 1886ల ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మలక్‌పేటకు తెచ్చిండు. ఇయ్యాల్టికీ హైదరాబాద్ రేస్ క్లబ్ అక్కడ్నే ఉన్నది. వానాకాలం ఒక సీజన్, చలికాలం ఒక సీజన్ నడుస్తది. గుర్రప్పందెం అదృష్టం ఆట కాదు, నైపుణ్యం ఆట అని 1996ల సుప్రీంకోర్టు చెప్పింది. పందెం మంచిదా, చెడ్డదా అనేది ఇంకో లొల్లి. నేను అడిగేది ఒక్కటే: పందెం అయిపోయినంక గుర్రం సంగతేంది?

పందాలల్ల ఉరికేటివి థరోబ్రెడ్ అనే జాతి గుర్రాలు. రెండేండ్ల వయసుకే పందెంల దింపుతరు. కాలు వట్టిందనో, గెలుస్తలేదనో ఆరేడేండ్లకల్లా చాలా గుర్రాలను పక్కకు పెడ్తరు. కానీ మంచిగ సూసుకుంటే గుర్రం 25 ఏండ్లు, అంతకంటే ఎక్కువ గూడ బతుకుతది. అంటే కొలువు పోయినంక ఇంకో పదిహేను, ఇరవై ఏండ్ల బతుకు ముందుంటది. బాగ గెలిచిన మగ గుర్రాలు, మంచి పుట్టుక ఉన్న ఆడ గుర్రాలు పిల్లల కోసం స్టడ్ ఫారాలకు పోతయి. విత్తులు తీసిన మగ గుర్రాలకు ఆ దారి గూడ లేదు.

మరి ఎడ్లలెక్క బండికి కడ్తే అయిపాయె అనుకోవద్దు. థరోబ్రెడ్ చర్మం పల్చగుంటది, గిట్టలు గూడ సున్నితం. రోజూ సిమెంటు రోడ్డు మీద బరువు గుంజే పనికి పుట్టింది కాదది. దాని తిండి గూడ తక్కువ కాదు. 450, 500 కిలోల గుర్రానికి రోజుకు పది కిలోల దాకా మేత, దాణా కావాలె. నీళ్లు 30, 40 లీటర్లు తాగుతది. నెల, నెలన్నరకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్టలు చెక్కి నాడాలు మార్చాలె. సస్తగ వస్తుందని కొనేటోళ్లు ఈ లెక్క ఏస్కోరు. మూడు నెలలకే గుర్రం బొక్కలు తేల్తది.

ఇగ అసలు సంగతికి వద్దాం. రేసు గుర్రానికి కొత్త పని నేర్పొచ్చా? నేర్పొచ్చు. కానీ ముందుగాల పాతది మరిపియ్యాలె.

రేసు గుర్రం రోజుల ఎక్కువ సేపు ఒక్కతే సాలల ఉంటది. దాణా బలంగ పెడ్తరు. పొద్దున ఉరికిచ్చి మళ్ల లోపల కడ్తరు. దీంతోని చాలా గుర్రాలకు కడుపుల పుండ్లయితయి. అందుకే మొదటి మందు విశ్రాంతి. ఒకటి రెండు నెలలు సవారీ బంద్. దాణా మెల్లమెల్లగ తగ్గిచ్చి గడ్డి పెంచాలె. ఒక్కపారి మారిస్తే కడుపునొప్పి లేస్తది. గుర్రానికి కక్కుడు రాదు, అందుకే కడుపునొప్పి దాని పాణం మీదికొస్తది. బయట మేసుకుంట, ఇంకో గుర్రంతోని కలిసి తిరుగుడు గూడ అది కొత్తగ నేర్చుకోవాలె. ఈ టైంలనే డాక్టర్ కాళ్ల నరాలు, కీళ్లు సూసి, ఈ గుర్రం ఏ పనికి తట్టుకుంటదో చెప్పాలె.

తర్వాత పాఠాలు. పగ్గాలు గుంజితే మనమైతే ఆగుమన్నట్టు అనుకుంటం. రేసు గుర్రం మాత్రం ఆ పట్టుకు ఆనుకొని ఇంకింత జోరుగ ఉరుకుతది, దానికి అట్లనే అలవాటైంది. జాకీని నడుస్తున్న గుర్రం మీదికే ఎత్తి కూసోవెడ్తరు, కాబట్టి ఎక్కేటప్పుడు నిలవడాలనేది దానికి తెల్వదు. జాకీ రికాబులు పొట్టిగుంటయి, ఆయన కాళ్లు గుర్రం పక్కలకు తగలయి. అందుకే కాలితోని నొక్కి "ఇటు తిరుగు" అంటే దానికి సమజ్ గాదు. ఎప్పుడూ ఒకే దిక్కు ఉరికి ఉరికి రెండో దిక్కు తిరుగుడు గూడ కష్టమైతది. ఇవన్నీ కింద నిలవడి పొడుగు తాడుతోని, నడకతోని మొదలువెట్టి మెల్లగ నేర్పిస్తరు. సప్పుడు, జెండాలు, బండ్లు గట్లనే కొద్దికొద్దిగ అలవాటు చేస్తరు. దీనికి నెలలు పడ్తది, ఒక్కోదానికి ఏడాది. మా బరాత్ గుర్రానికి దొరకంది ఆ ఏడాదే.

నేర్చుకున్న గుర్రానికి మాత్రం పనులు మస్తున్నయి. సవారీ నేర్పే బడులు, పోలో, దుంకుడు పోటీలు, పోలీసుల గుర్రపు దళం. నెమ్మదస్తురాలైతే వైకల్యమున్న పిల్లలకు సవారీతోని చేసే చికిత్సకు గూడ పనికొస్తది.

అమెరికాల ఒక ఆడ గుర్రం ఉండె. ఆరు పందాలు ఉరికింది, ఒక్కటి గూడ గెలువలే. పనికిరాదన్నరు. దానికి అడ్డంకుల మీద దుంకుడు నేర్పిన్రు. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌ల అదే గుర్రం మీద జో ఫార్గిస్ అనే రౌతు రెండు బంగారు పతకాలు కొట్టిండు. ఆ గుర్రం పేరు టచ్ ఆఫ్ క్లాస్. దాని కాళ్లు మారలే, పని మారింది.

అన్ని గుర్రాలకూ గంత నసీబు ఉండదు. గందుకే కొన్ని దేశాలల్ల దీనికి పద్ధతి పెట్టుకున్నరు. బ్రిటన్‌ల 2000 నుంచి రేసు గుర్రాలకు కొత్త పని నేర్పేందుకే ఒక సంస్థ నడుస్తున్నది, గుర్రప్పందాల రంగమే దానికి పైసలిస్తది. అమెరికాల 2012ల పుట్టిన ఒక కూటమి, మంచిగ నడిచే ఆశ్రయాలను తనిఖీ చేసి సాయం చేస్తది. కెంటకీల ఏటా రేసు ఇడిసిన గుర్రాలకే పోటీలు పెడ్తరు. కొత్త పని ఎంత నేర్చుకున్నయో అక్కడ సూపెడ్తరు.

మన దిక్కు సూడుండ్రి. 2025 ఏప్రిల్ ఆఖర్ల, మే మొదట్ల హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి ఒక ఊరికి తీసుకపోయిన్రు. మే నెల సగం గడిచే సరికి 8 సచ్చిపోయినయి. ముచ్చట అక్కడి హైకోర్టు దాకా పోయింది. ఇగ చట్టమంటరా? జంతువులను హింసిస్తే శిక్షలేసే చట్టం 1960ది. మొదటి తప్పుకు అండ్ల రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. మా మెస్సుల ఒక్క పూట భోజనం అంతకంటే ఎక్కువ.

రేసు గుర్రం మెడల మైక్రోచిప్ ఉంటది, పుట్టుక రాసిన పత్రం ఉంటది. ఉరికేటప్పుడు దాని లెక్క అంత పక్కాగ ఉన్నప్పుడు, ఉరుకుడు బందయినంక ఎవల చేతికి పోయిందో సచ్చేదాక ఎందుకు రాయొద్దు? పందెం పైసలల్ల కెల్లి ఇంత తీసి ఆ ఏడాది చదువుకు పక్కకెందుకు పెట్టొద్దు? గుర్రం ముసలిదయినంక ఎవలో ఒకలు జాలిపడాలె అనేది పద్ధతి కాదు. అది మొదటి పందెం ఉరికే రోజే ఈ బాధ్యత ఎవలిదో రాసుకోవాలె.

ఊర్లల్ల ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట. రీల్స్ కోసమో, జాతరల సూపెట్టడానికో సస్తగ వచ్చిందని రేసు గుర్రాన్ని కొనకుండ్రి. జాగ, మేత, డాక్టర్, నేర్పేటోడు, ఈ నాలుగుంటేనే దాని దగ్గరికి పోండ్రి. లగ్గం పెట్టుకున్నోళ్లు గుర్రం ముంగట పటాకులు కాల్చకుండ్రి, మీద కూసున్నది మన పిలగాడే. గుర్రాల మీద నిజంగ పాణముంటే ఆ పని నేర్చుకోండ్రి. సయీసుకు, నాల్‌బంద్‌కు గూడ పనితనం కావాలె, అది ఒక్క రోజుల వచ్చేది కాదు.

ఈ ముచ్చట రూంల చెప్తే మా దోస్తు నవ్విండు. "నోటిఫికేషన్ ఎనుక ఉరికి ఉరికి, రేపు వయసు దాటితే మనది గూడ గదే కథ గదరా" అన్నడు. నేను కాదన్న. మనకు నోరున్నది, మర్లి పోదామంటే ఊరున్నది. గుర్రానికి రెండూ లేవు.

మొన్న మళ్ల ఆ చాచా చిక్కడపల్లిలనే కలిసిండు. పక్కన వేరే గుర్రమున్నది. తెల్లదేదని అడిగిన. "అమ్మేసిన బేటా" అన్నడు. ఎవలకు అని అడిగితే చెప్పలే.