ఉక్కుకు లోహకవచం

ఆధునిక నాగరికతకు ఉక్కు వెన్నెముక వంటిది. అంతటి ఉక్కుకు సైతం ఇద్దరు శత్రువులున్నారు: ఒకటి తుప్పు, రెండవది అరుగుదల. వర్షర్తువులో చెమ్మ వీడని భద్రాచలం అడవులలో తుప్పు ప్రబలం. నీరు, రాపిడి రెండూ ఉండే బొగ్గుగనులలో రెండు శత్రువులూ ఏకమవుతాయి. వీటినుండి ఉక్కును కాపాడేందుకు దానిపై మరొక లోహాన్ని పలుచని పొరగా కప్పుతారు. ఆ పొర మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంత పలుచని పొర ఎట్లా రక్షిస్తుంది? ఎప్పుడు విఫలమవుతుంది? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

కళాయి నేర్పే పాఠం

రాగి డేగిసాలకు కళాయి వేయడం మనమెరిగినదే. కళాయివాడు ముందుగా పాత్రను తోమి, కాచి, నవాసారం చల్లి, తర్వాతనే తగరం పూస్తాడు. నవాసారం లోహంపైనున్న ఆక్సైడు పొరను తొలగిస్తుంది. శుభ్రమైన లోహానికే తగరం అంటుకుంటుంది. ఉక్కుపై వేసే పూతలకూ ఇదే మొదటి సూత్రం. పూత ఎంత గొప్పదైనా, అడుగు లోహాన్ని గట్టిగా పట్టుకోనిచో పెచ్చులుగా ఊడిపోతుంది.

జింకు త్యాగం

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్లనుండి విద్యుత్తును మోసుకుపోయే ఉక్కు టవర్లు ఎండకు, వానకు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. వాటిని రక్షించేది జింకుపూత. సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగిన జింకులో ఉక్కును ముంచితే, రెండు లోహాలూ కలిసి మిశ్రమలోహపు పొరలు ఏర్పడతాయి. వికర్స్ కొలమానంలో పైనున్న శుద్ధ జింకు కాఠిన్యం సుమారు 70. దాని కింది పొరలది సుమారు 180, 240. అడుగునున్న ఉక్కుది సుమారు 160. మెత్తని పైపొర దెబ్బను ఓర్చుకుంటుంది. ఉక్కుకన్న గట్టివైన లోపొరలు రాపిడిని ఎదుర్కొంటాయి.

పూతపై గీత పడినా జింకు తన ధర్మాన్ని విడువదు. ఇనుముకన్న చురుకైన లోహం కావడం వలన, అదే ముందుగా క్షయించి ఇనుమును కాపాడుతుంది. తగరపు పూత గల రేకు డబ్బా స్థితి ఇందుకు భిన్నం. బయట, చెమ్మలో, దానిపై గీత పడితే ఇనుమే ముందుగా క్షయిస్తుంది. పూత లేని ఇనుముకన్న అక్కడ త్వరగా చిల్లు పడవచ్చు.

కాఠిన్యానికి గల హద్దు

రాపిడి ఎక్కువైన చోట క్రోమియం అవసరమవుతుంది. సైకిలు హ్యాండిలుపై మెరిసే క్రోమియం మందం అర మైక్రానుకు మించదు. నిజమైన రక్షణ దాని కిందనున్న నికెలు పొరదే. యంత్రభాగాలపై వేసే గట్టి క్రోమియం పూత ఇరవై మైక్రాన్ల నుండి కొన్ని వందల మైక్రాన్ల వరకు ఉంటుంది. దాని కాఠిన్యం 800 నుండి 1000 వికర్స్ వరకు ఉంటుంది. 1953లో ఆర్చర్డ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన సూత్రం ప్రకారం, అరుగుదల భారంతోను, జారిన దూరంతోను పెరుగుతుంది. కాఠిన్యం పెరిగిన కొద్దీ తగ్గుతుంది.

అయితే కాఠిన్యమొక్కటే చాలదు. ఎండిన చెరువులో పైపెచ్చు గట్టిగానే ఉంటుంది. కింద బురద మెత్తగా ఉంటే అడుగు వేయగానే విరుగుతుంది. మెత్తని ఉక్కుపై పలుచని గట్టి పూత గతీ అంతే. భారానికి అడుగు లోహం కుంగితే పూత పగులుతుంది. పైగా గట్టి క్రోమియంలో పుట్టుకతోనే సన్నని పగుళ్ళుంటాయి. అవి ఉక్కువరకు చేరితే నీటికి దారి దొరుకుతుంది.

గని కప్పు కింద

సింగరేణి గనులలో లాంగ్‌వాల్ పద్ధతి 1983లో ప్రవేశించింది. ఈ పద్ధతిలో బొగ్గు తీసే చోట కప్పును హైడ్రాలిక్ ఆధారాలు మోస్తాయి. ఇటువంటి ఆధారపు కాళ్ళలో జారే ఉక్కుకడ్డీలకు సాధారణంగా క్రోమియం పూత ఉంటుంది. గని నీరు పగుళ్ళగుండా ఉక్కును చేరితే లోపల తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పూతను పైకి లేపుతుంది. లేచిన పెచ్చు అంచు సీలును కోస్తుంది. ద్రవం కారి, పీడనం తగ్గి, ఆధారపు బలం సన్నగిల్లుతుంది. వెంట్రుకంత మందం లేని పూతలోని లోపం, ఆ కప్పు కింద పనిచేసే కార్మికుని ప్రాణానికే ముప్పు కాగలదు. పూతను పరీక్షించడం అలంకారానికి కాదు, ప్రాణరక్షణకు.

కొత్త దారులు

గట్టి క్రోమియం పూత వేసే తొట్టిలోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సరు కారకం. అందువలన ప్రత్యామ్నాయాల అన్వేషణ సాగుతున్నది. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం నికెల్–టంగ్‌స్టన్ మిశ్రమలోహపు పూతలను, విస్ఫోటన శక్తితో చూర్ణాన్ని మహావేగంగా చిమ్మి వేసే పూతలను అభివృద్ధి చేసింది.

విద్యార్థి మిత్రులారా! ఏ పూతనైనా చూచినప్పుడు అది ఎంత గట్టిదని మాత్రమే అడుగకండి. అది ఏ శత్రువుపై నిలువవలె? ఏ లోహంపై ఆనుకొని ఉన్నది? దానిపై గీత పడితే ఏమగును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగినవారికే ఆ పూత విలువ తెలుస్తుంది.