పంపును చల్లగా ఉంచేది పెట్రోలే

కారు ట్యాంకు అడుగంటడానికీ ఫ్యూయల్ పంపు ఆయుష్షుకూ సంబంధం ఏమిటి? ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం నుంచి కారు యజమానులు నేర్చుకోదగినది ఏమిటి?

ఖరగ్‌పూర్‌లో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఒకవైపు కోల్‌కతా, రెండోవైపు బాలేశ్వర్, భువనేశ్వర్, బరంపురం మీదుగా ఇచ్ఛాపురం, శ్రీకాకుళం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర వాళ్లు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డ ఊరు ఇది. పండగకో పెళ్లికో ఇక్కడి నుంచి శ్రీకాకుళం వైపు కారులో వెళ్లాలంటే ఆరు వందల కిలోమీటర్లకు పైమాటే. అలాంటి దారిలో, ఎండ మండిపోతున్న వేళ, ఇంజిన్ రెండు మూడుసార్లు కుదిపి ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాకపోతే ఇంటిల్లిపాదీ రోడ్డు మీద ఉండాల్సిందే. అలా ఆగిపోయినప్పుడు అనుమానించాల్సిన భాగాల్లో ఒకటి ఫ్యూయల్ పంపు. అది ముందుగానే పాడవడానికి గల కారణాల్లో చాలావాటిని కారు నడిపేవాళ్లే అదుపు చేయవచ్చు.

పెట్రోలులో మునిగిన మోటారు

పాత కార్బురేటర్ కార్లలో పంపు ఇంజిన్ పక్కనే ఉండి, ఇంజిన్ కదలికతోనే పనిచేసేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక పెట్రోలును ఎక్కువ పీడనంతో అందించాల్సి వచ్చింది. అందుకే నేటి పెట్రోలు కార్లలో ట్యాంకు లోపలే విద్యుత్ పంపు ఉంటుంది. 12 వోల్టుల చిన్న మోటారు ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం నెట్టిన పెట్రోలు మోటారు గుండానే ప్రవహించి, సుమారు 3 నుంచి 4 బార్ల పీడనంతో ఇంజిన్‌కు చేరుతుంది. అంటే మోటారు తీగచుట్టలు, బ్రష్‌లు, బేరింగులు అన్నీ ఎప్పుడూ పెట్రోలులో తడుస్తూనే ఉంటాయి.

బ్రష్‌ల దగ్గర చిన్న నిప్పురవ్వలు పుడుతుంటాయి కదా, మరి ట్యాంకు ఎందుకు అంటుకోదు? పెట్రోలు ఆవిరి మండాలంటే గాలిలో దాని పాలు సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉండాలి. మోటారు లోపల ద్రవం నిండి ఉంటుంది కాబట్టి అక్కడ గాలికి చోటు లేదు. ద్రవం పైనున్న ఖాళీలో మామూలుగా ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే, మండటానికి కావలసిన ఆక్సిజన్ చాలదు. ట్యాంకు మూత తీసి బయటి గాలిని కలిపినప్పుడు మాత్రం ఈ రక్షణ పోతుంది. అందుకే పంపు విప్పే పని ఇంట్లో ప్రయోగాలు చేసే పని కాదు.

వేడి లెక్క

ఒక పంపు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటోందని అనుకుందాం. అంటే 60 వాట్లు. అది గంటకు 100 లీటర్ల పెట్రోలును 3 బార్ల పీడనంతో నెడుతుంటే, పీడనాన్ని ప్రవాహంతో గుణిస్తే వచ్చే ఉపయోగకరమైన శక్తి సుమారు 8 వాట్లే. మిగతా 50 వాట్లకు పైగా వేడిగా మారుతుంది. ఒక చిన్న ఫిలమెంటు బల్బు పెట్రోలులో మునిగి ఉన్నట్టే. గంటకు 100 లీటర్ల ప్రవాహం ఆ వేడిని మోసుకుపోతుంది కాబట్టి, పంపును ఒకసారి దాటేసరికి పెట్రోలు వేడెక్కేది ఒక డిగ్రీ సెల్సియస్ పైచిలుకే.

అయితే హైవే మీద చిన్న కారు ఇంజిన్ గంటకు కాల్చేది నాలుగైదు లీటర్లే. మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకే వస్తుంది. చాలా కార్లలో పీడనాన్ని నియంత్రించే వాల్వు ట్యాంకులోనే ఉంటుంది. అంటే ఉన్న పెట్రోలే మళ్లీ మళ్లీ పంపు గుండా తిరుగుతుంది. ట్యాంకు నుంచి వేడి బయటికి పోదనుకుని స్థూలంగా లెక్కేస్తే, అరగంటలో 35 లీటర్లు వేడెక్కేది ఒకటిన్నర డిగ్రీలు. 5 లీటర్లే ఉంటే 11 డిగ్రీలు. కింద రోడ్డు సెగ, పక్కన సైలెన్సర్ వేడి దీనికి అదనం.

పెట్రోలు వేడెక్కే కొద్దీ సులువుగా ఆవిరవుతుంది. పంపు పీల్చే చోట పీడనం తగ్గుతుంది కనుక అక్కడ బుడగలు పుడతాయి. బుడగలు వేడిని మోయలేవు, బేరింగుకు నూనెలా పనిచేయలేవు. అయితే, రిజర్వు దీపం వెలగగానే పంపు పాడైపోదు. చాలా కార్లలో పంపు ఒక చిన్న ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుని ఉంటుంది. మట్టం తగ్గినా, మలుపుల్లో పెట్రోలు పక్కకు ఒరిగినా ఆ గిన్నె నిండుగానే ఉంటుంది. అసలు హాని, ఎప్పుడూ అడుగునే నడిపే అలవాటుతో, పూర్తిగా ఖాళీ అయ్యాక కూడా స్టార్టర్ తిప్పుతూ ఉండటంతో. అందుకే పావు ట్యాంకు మిగిలి ఉండగానే మళ్లీ నింపుకోవడం మేలు.

ఫిల్టరు, తేమ, ఇథనాల్

పంపుకు రెండో శత్రువు మురికి. పీల్చే చోట ఉండే జల్లెడ మూసుకుపోతే పంపు లోపల బుడగలు పెరుగుతాయి. బయటికి వెళ్లే దారిలోని ఫిల్టరు మూసుకుపోతే మోటారు ఎక్కువ బలంతో నెట్టాలి, ఎక్కువ కరెంటు తీసుకుని మరింత వేడెక్కాలి.

మూడోది నీరు. మన దేశం 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కొంత నీరు దానిలో కలిసిపోయి ఇంజిన్‌లో పెట్రోలుతోపాటే వెళ్లిపోతుంది. పరిమితి దాటితే నీరు, ఇథనాల్ కలిసి వేరే పొరగా విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు పీల్చేదీ అడుగునే. ఇథనాల్‌కు తగని రబ్బరు, లోహ భాగాలున్న పాత కార్లకు దీనివల్ల ఇబ్బంది ఎక్కువ. వానాకాలంలో గాలి చెమ్మగా ఉండే ఖరగ్‌పూర్ లాంటి చోట ట్యాంకు మూత రబ్బరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, కారును నెలల తరబడి పాత పెట్రోలుతో వదిలేయకపోవడం అవసరం.

లోకో షెడ్డు పద్ధతి

ఇంధనమే యంత్రానికి కందెన అన్న సంగతి ఖరగ్‌పూర్ డీజిల్ లోకో షెడ్డులో పనిచేసేవాళ్లకు కొత్త కాదు. డీజిల్ రైలింజిన్‌లో ట్యాంకు నుంచి ఇంధనాన్ని తెచ్చే పంపు ఒకటి, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్షన్ పంపులు వేరు. ఈ ఇంజెక్షన్ పంపుల్లో అతి సన్నని సందుతో ఆడే ప్లంజర్లకు డీజిలే నూనె. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణం వాహనాల డీజిల్‌లో గంధకాన్ని పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు తగ్గించింది. గంధకాన్ని తీసే ప్రక్రియలో సహజమైన జారుడు గుణం కూడా తగ్గుతుంది. అందుకే దాన్ని తిరిగి ఇవ్వడానికి సంకలనాలు కలుపుతారు.

రైల్వే పద్ధతిలో కారు యజమానులు నేర్చుకోదగిన విషయం మరొకటి ఉంది. అక్కడ ఫిల్టరును ఇంజిన్ మొరాయించాక మార్చరు, గడువు రాగానే మారుస్తారు. కారు మాన్యువల్‌లో ఫిల్టరుకు రాసిన గడువును కూడా అలాగే పాటించాలి. కొన్ని కార్లలో ఫిల్టరు ట్యాంకులోని పంపుతో కలిసే ఉంటుంది కాబట్టి, తమ కారులో ఏ ఏర్పాటు ఉందో ముందే తెలుసుకోవాలి.

పంపు అలిసిపోతున్న సూచనలు ముందే కనిపిస్తాయి. వెనక సీటు కింద నుంచి కొత్తగా వచ్చే సన్నని కూత, ఎత్తు ఎక్కేటప్పుడు బలం తగ్గడం, వేడి మీద స్టార్ట్ కావడానికి ఆలస్యం కావడం. అయినా వెంటనే కొత్త పంపు కొనాల్సిన పని లేదు. ఫ్యూజు, రిలే, తుప్పు పట్టిన కనెక్టరు, మూసుకుపోయిన ఫిల్టరు కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. మెకానిక్ ముందుగా పంపుకు అందే వోల్టేజీని, తర్వాత గేజితో పీడనాన్ని కొలవాలి. ఈ రెండు అంకెలూ చూశాకే పంపు మార్చాలో వద్దో తేల్చుకోవచ్చు. శ్రీకాకుళం దారి పట్టే ముందు ఈ పరీక్ష చేయించి ట్యాంకు నింపుకుంటే, దారిలో ఆగిపోయే అవకాశం చాలావరకు తగ్గుతుంది.